పడవ మా ఒడ్డునే కడతాం

కాసిపేటలో గోదావరి లేదు. బాయి ఉంది, బొగ్గు ఉంది, పక్కన దేవాపూర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. అందుకే ఈసారి పడవల గురించి రాస్తానని చెప్పినప్పుడు మన కూటమిలో ఒక తమ్ముడు నవ్వాడు. "అన్నా, పోడు పట్టాల లొల్లి ఇంకా తెగలే. బాయి కింద పోయిన భూములకు కొలువుల లొల్లి తెగలే. మధ్యల నీకు ఈ పడవల లొల్లి ఏంది?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ నవ్వు నిలవలేదు.

పోడు లొల్లి, బాయి లొల్లి, పడవ లొల్లి మూడూ ఒకటే. తాతల నాటి నుంచి మనం మసలుతున్న చోటికి ఒకనాడు ఒక బోర్డు వస్తుంది. అది వచ్చిన మర్నాటి నుంచి అక్కడ మనం నిలబడాలంటే ఎవరినో అడగాలి. అడవిలో ఆ బోర్డు చూశాం. బాయిగడ్డ మీద చూశాం. ఇప్పుడు నీళ్ల ఒడ్డున చూస్తున్నాం.

మా మేనమామది మంచిర్యాలకు ఎగువన గోదావరి ఒడ్డు పల్లె. ఆయనకో నాటు పడవ ఉంది. ఇంజను లేదు. ఒక గడ, రెండు తెడ్లు, ఒక మోకు. నది నడుమ ఉన్న కుర్రు మీద ఊరి పశువులకు మేత ఉంటుంది, నాలుగైదు ఇళ్లవాళ్లకు అక్కడే కొంత ఎవుసం ఉంటుంది. మనుషులు పోవడానికి, గడ్డి మోపులు తేవడానికి, వానాకాలం అటు చిక్కుకున్న దూడలను తోలుకురావడానికి ఆ పడవే దిక్కు. నాలుగు చేపలు పడితే అది పై లాభం. మేం గోండులం, నీళ్ల మీద బతికే కులం కాదు కదా అని ఎవరైనా అనొచ్చు. నది పక్కన బతికేవాడికి కులం అడిగి నీళ్లు రావు. వచ్చినప్పుడు పడవ కావాలి.

ఆ పడవను ఆయన ఇంటి కింద ఉన్న ఏరుమద్ది చెట్టు మొదలుకే కట్టేవాడు. ఒక వానాకాలం ముందు ఒక సారు జీపులో వచ్చాడు. ఎవరి పడవలు వాళ్లకు తోచిన చోట కట్టొద్దని, అన్నీ తెచ్చి కింద కొత్తగా వేసిన బోటింగ్ పాయింట్ దగ్గర కట్టాలని, రాత్రిపూట గొలుసు వేసి తాళం వేస్తారని చెప్పాడు. ప్రమాదాలు జరుగుతున్నాయి, పైనుంచి ఆర్డరు అన్నాడు. ఆర్డరు కాగితం చూపమంటే చూపలేదు. మామ పెద్దగా వాదించే మనిషి కాదు. నాలుగు కిలోమీటర్లు కిందికి తీసుకుపోయి కట్టి వచ్చాడు.

ఆ ఏడు ఒక రాత్రి నీళ్లు పెరిగాయి. మామ చిన్న కొడుకు, ఇంకో ఇద్దరు పశువులతో కుర్రు మీద ఉన్నారు. ఇటు ఒడ్డున మనుషులు టార్చిలైట్లు పట్టుకుని అరుస్తున్నారు, అటు వాళ్లు మంచె ఎక్కి అరుస్తున్నారు. పడవ నాలుగు కిలోమీటర్ల కింద గొలుసుకు ఉంది. తాళంచెవి ఉన్న వాచ్‌మన్ టౌన్‌లో పడుకున్నాడు. తెల్లవారాక వేరే ఊరి వాళ్ల పడవ దొరికితే మనుషులను తెచ్చుకున్నారు. ఏడు పశువులు పోయాయి. అందులో రెండు చూడి ఆవులు. మనుషులు దక్కారు కాబట్టి ఇది ఏ పేపర్లోనూ రాలేదు.

మామ గోండిలో అన్న మాటను నేను తెలుగులో రాస్తున్నాను. "అల్లుడా, ఎడ్లను పక్క ఊర్ల కట్టేసి, దుక్కి మన ఊర్ల దున్నుమన్నట్టుంది వాళ్ల తరీక."

ఇక్కడ పడవ కట్టడం గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఎందుకంటే కుర్చీలో ఉన్నవాళ్లకు పడవ కట్టడం అంటే సైకిల్‌కు స్టాండు వేయడంలాగా కనిపిస్తుంది.

మా మామ పడవ కట్టే చెట్టు ఊరికే దొరికిన చెట్టు కాదు. నది అక్కడ కొంచెం వంక తిరుగుతుంది. వంకకు లోపలి వైపు నీటి జోరు తగ్గి, నీళ్లు దాదాపు నిలిచినట్టు ఉంటాయి. పైనుంచి కొట్టుకొచ్చే మొద్దులు, చెట్ల కొమ్మలు నడిధారలో పోతాయి కానీ ఇటు రావు. ఏరుమద్ది వేళ్లు ఒడ్డును పట్టుకుని ఉంటాయి కాబట్టి వరదకు ఆ ఒడ్డు కోసుకుపోదు. మోకు బిగించి కట్టకూడదు. బిగించి కడితే నీళ్లు పెరిగినప్పుడు ముక్కు కిందికి గుంజుకుని పడవ మునుగుతుంది. మరీ వదులుగా కడితే నీళ్లు తగ్గినప్పుడు అది ఒడ్డు మీద వాలిపోయి పక్కకు పగులుతుంది. నీళ్లు పెరిగే కొద్దీ మోకు చెట్టు మొదలు మీద పైకి జరుగుతూ ఉండాలి. వానాకాలంలో మామ రాత్రి రెండుసార్లు లేచి ముడి చూసుకుంటాడు. ఇంటి కింద ఉంది కాబట్టి చూసుకుంటాడు. నాలుగు కిలోమీటర్ల కింద ఉంటే ఎవరు చూస్తారు?

పాత కాలంలో నది వాన చూసి పెరిగేది. వానను మనుషులు చూడగలరు. ఇప్పుడు నది గేటు చూసి పెరుగుతుంది. పైన శ్రీరాంసాగర్ గేట్లు, కడెం గేట్లు. కింద 20 టీఎంసీల శ్రీపాద ఎల్లంపల్లి. పైన వదిలితే ఒక తీరు, కింద మూస్తే ఒక తీరు. ఆకాశంలో మబ్బు తునక లేని రోజు కూడా నీళ్లు మోకాలి నుంచి నడుము దాకా రావచ్చు. ఇలాంటి నదిలో పడవ దాని మనిషి కంటి ముందు ఉండాలి. నలభై పడవలను ఒక గొలుసుకు కట్టారనుకోండి, పైనున్న ఒక పడవ తెగితే అది కింది వాటిని కొట్టుకుంటూ పోతుంది. ఒకచోట చేర్చితే భద్రం అన్నది బస్సులకు చెల్లుతుందేమో. నీళ్ల మీద అన్నిసార్లూ చెల్లదు.

ప్రమాదాల మాట కొట్టిపారేసేది కాదు. మనవాళ్లు కూడా పడవల్లో పోయారు. 2018 మే 15న దేవీపట్నం మండలం మంటూరు దగ్గర లాంచీ మునిగినప్పుడు పోయినవాళ్లలో ఎక్కువమంది ఏజెన్సీ ఊళ్ల గిరిజనులే. సంతకు, ఆఫీసుకు పోయి ఇంటికి తిరిగొస్తున్న మనుషులు. ఆ లాంచీ గాలివానకు పోయింది. అలాంటి పడవలను తనిఖీ చేయొద్దని ఎవరంటారు? లైఫ్ జాకెట్లు ఇవ్వండి. ఎంతమంది ఎక్కాలో పడవ మీద రంగుతో రాయించండి. ఇంజన్లు చూడండి. తాగి నడిపేవాడిని దింపండి. ఇవన్నీ పడవకు పెట్టే షరతులు. పడవ కట్టే చోటును గుంజుకోవడం వేరే సంగతి. ఈ రెండింటినీ కలిపి ఒకే మాటలో చెప్పడమే మోసం.

ఆ మరుసటి సంవత్సరం, 2019 సెప్టెంబరు 15న, అదే దేవీపట్నం మండలంలో కచ్చులూరు దగ్గర పాపికొండలు పోతున్న రాయల్ వశిష్ట అనే పర్యాటక బోటు మునిగింది. 77 మంది ఎక్కిన బోటు. 51 మంది పోయారు. 26 మంది బతికారు. వాళ్లను బతికించింది ఎవరు? ఏ రెస్క్యూ టీమూ ఇంకా బయలుదేరనే లేదు. ఎదురుగా తూటుగుంట గిరిజనులు తమ పడవలు విప్పుకుని నడిగోదారికి పోయి, తేలుతున్న వాళ్లను లాక్కొచ్చారు. ఆ పడవలు ఎక్కడ ఉన్నాయి? ఊరి ఒడ్డునే ఉన్నాయి. ఎవడి చెట్టుకు వాడు కట్టుకున్నాడు. అవన్నీ భద్రత పేరుతో గండిపోచమ్మ దగ్గర గొలుసుకు వేసి ఉంటే ఆ 26 మంది లెక్క ఎంత అయ్యేదో ఎవరికి వాళ్లు వేసుకోండి.

ఆ బోటును బయటికి తీయడానికి కూడా 38 రోజులు పట్టింది. అంత లోతు, అంత సుడి. చివరికి అక్టోబరు 22న దాన్ని పైకి తెచ్చింది కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం. వాళ్ల దగ్గర ఉన్నవి మోకులు, లంగర్లు, ఇనుప తీగలు, నీళ్లతో బతికిన అనుభవం. నేను చదువు వద్దనడం లేదు. మోకు తెలిసినవాడి మాట కూడా వినండి అంటున్నాను.

కచ్చులూరు తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బోట్ల కోసం తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములు పెట్టే పని మొదలుపెట్టింది. పర్యాటకుల బోట్లకు అది మంచిదే. టిక్కెట్టు తీసుకుని, మైకులో పాటలు పెట్టుకుని, ఆదివారం పోయే బోటుకు ఒక జెట్టీ ఉండాలి, ఒక మనిషి ఉండాలి, ఒక రిజిస్టరు ఉండాలి. పేరంటపల్లి కొండరెడ్డికి బియ్యం తెచ్చే పడవ, మా మామ గడ్డి మోపుల పడవ ఆ జాతి కాదు. పర్యాటక బోటు బస్సు లాంటిది, డిపోలో ఉండాలి. మా పడవ ఎడ్లబండి లాంటిది, వాకిట్లో ఉండాలి. ఎడ్లబండ్లన్నీ ఆర్టీసీ డిపోలో పెట్టుకొమ్మని ఇంతవరకు ఎవరూ అనలేదు.

మెరీనా అనే మాట ఈమధ్య మన దగ్గర కూడా వినిపిస్తోంది. మనవాళ్లకు మెరీనా అంటే మద్రాసు సముద్రం ఒడ్డే గుర్తుకొస్తుంది. అసలు అర్థం వేరు. డబ్బున్నవాళ్ల సొంత పడవలకు అద్దె తీసుకుని చోటిచ్చే రేవు అది. నీళ్లు, కరెంటు, కాపలా అన్నీ ఉంటాయి. కొచ్చిలో బోల్గాట్టి దగ్గర కేరళ టూరిజం వాళ్లు అలాంటిది కట్టారు. కట్టుకోనివ్వండి. మనకు అభ్యంతరం ఆ మెరీనా మీద కాదు, మెరీనాలో లేని పడవ అంతా దొంగ పడవే అన్న ఆలోచన మీద. ఇంగ్లండులో కాలువల మీద పడవల్లోనే కాపురముండే మనుషులున్నారు. సొంత రేవు లేని పడవ ఒక చోట 14 రోజుల దాకా ఒడ్డున ఆగవచ్చని, ఆ తర్వాత ముందుకు కదలాలని అక్కడ 1995లో చట్టం చేశారు. ఆ 14 రోజుల మీద కూడా అక్కడివాళ్లు కొట్లాడుతూనే ఉన్నారు. కానీ చూడండి, మెరీనాకు డబ్బు కట్టలేనివాడు కూడా నది మీద ఉంటాడని ఆ చట్టం ఒప్పుకుంది. మా మామ ముత్తాత కాలం నుంచి ఆగిన చోట, ఆయనకు ఆ 14 రోజులు ఇచ్చే కాగితం కూడా లేదు.

ఒడ్డు ఆక్రమణ అంటారా? అయితే ఒడ్డు లెక్క తేల్చుకుందాం. సింగరేణి భూగర్భ బాయిల్లో బొగ్గు తీసిన ఖాళీలను నింపడానికి గోదావరి ఇసుకను ఏళ్ల తరబడి తవ్వి పోశారు. మా నాయన బాయి పని చేసినవాడే, బాయి అన్నం తిని పెరిగినవాణ్నే నేను. ఆ ఇసుక వల్ల పైకప్పు కూలకుండా బతికిన కార్మికులున్నారు. తప్పు పట్టడం లేదు. కానీ ఇసుక లారీకి నది గర్భంలో ఎక్కడ కావాలంటే అక్కడ బాట వేశారు. మా నాటు పడవకు ఒక చెట్టు మొదలు ఎక్కువైందా? మంచిర్యాలలో గోదావరి ఒడ్డున మాతాశిశు ఆస్పత్రి కట్టారు. కడెం ప్రాజెక్టు తట్టుకోలేనంత వరద వచ్చిన 2022 జూలైలో ఆ ఆస్పత్రిలోకి నీళ్లొచ్చాయి. బాలింతలను, పసిపిల్లలను ఆదరాబాదరాగా తరలించారు. నది పక్క ఎక్కడ ఏది పెట్టాలో తెలియనిది ఎవరికి? 2023 అక్టోబరులో మేడిగడ్డ పియర్లు కుంగాయి. వాటికి ఎన్ని అనుమతులు, ఎన్ని సంతకాలు ఉండి ఉంటాయో లెక్కపెట్టలేం. మా ఏరుమద్దికి ఒక్క సంతకం లేదు. అది ఇంకా నిలబడే ఉంది.

ఇక మనవైపు తప్పు. ఇది చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది.

కుమ్రం భీం పేరు మీద మనం ఎన్ని కవితలు రాశాం, ఎన్ని సభలు పెట్టాం! జల్, జంగల్, జమీన్ అని పిడికిలి ఎత్తుతాం. ఆ మూడింటిలో మొదటి మాట ఏది? జల్. మన సంకలనాలు తీసి చూడండి. జంగల్ మీద వంద పేజీలు, జమీన్ మీద వంద పేజీలు ఉంటాయి. నీళ్ల మీద? ముంపు మీద రాశాం, నిజమే. ఎల్లంపల్లి కింద పోయిన కర్ణమామిడి, పడ్తనపల్లి లాంటి ఊళ్ల పేర్లు కొందరు రాశారు. అంటే నీళ్లు వచ్చి మనల్ని ముంచినప్పుడే మనకు నీళ్లు గుర్తొస్తున్నాయి. నీళ్ల మీద మనకు హక్కు ఉందని, ఒడ్డున మనకు చోటు ఉందని రాసినవాళ్లు తక్కువ. ఆ తమ్ముడు నవ్వడంలో అతని తప్పు లేదు. మనం రాయలేదు కాబట్టి అతనికి తెలియలేదు.

మెస్రం వంశం వాళ్లు ప్రతి ఏటా నాగోబా జాతర ముందు చెప్పుల్లేని కాళ్లతో కేస్లాపూర్ నుంచి నడిచి వచ్చి జన్నారం మండలంలో కలమడుగు దగ్గరి హస్తలమడుగులో గోదావరి నీళ్లు ముంచుకుపోతారు. ఆ నీళ్లు లేనిదే పుష్య అమావాస్య పూజ లేదు. దీపావళికి గుస్సాడీలు దండేపల్లి మండలం గుడిరేవుకు వచ్చి పద్మల్‌పురి కాకో దగ్గర మొక్కి ఆడతారు. ఆ ఊరి పేరు ఒకసారి నోటితో అనండి. గుడి, రేవు. దేవతా, ఒడ్డూ ఒకే పేరులో ఉన్నాయి. మన దేవుళ్లు నీళ్ల దగ్గర ఉన్నప్పుడు మన పడవ నీళ్ల దగ్గర ఉంటే ఎందుకు వింతైంది?

ఇంకో మాట. గంగపుత్రులతో, ముదిరాజులతో మనకు తగవు లేదు. ఉండకూడదు. బోటింగ్ పాయింట్ ఆర్డరు వస్తే వాళ్ల తెప్పలు కూడా పోతాయి. థర్మాకోల్ షీట్లు కట్టుకుని, ప్రాణం అరచేతిలో పెట్టుకుని వల వేసే మనిషి ఏ కులమైనా మనవాడే. "వాళ్లకు సొసైటీ ఉంది, మీకు లేదు" అని మనల్ని విడదీసే సార్లు ఉంటారు. ఆ మాట అన్నప్పుడు టీ తాగి లేచి వచ్చేయండి.

చట్టం సంగతి కొంచెం చెప్తాను, ఎక్కువ చెప్పను. 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(1)(డి) ఉంది. చేపలు, నీటి వనరుల్లో దొరికే ఇతర వాటి మీద సామూహిక హక్కు అందులో ఉంది. మనవాళ్లు వ్యక్తిగత పట్టాల కోసం ఫారం ఏ నింపీ నింపీ అలసిపోయి, సామూహిక హక్కుల ఫారం బి ముట్టుకోరు. ఒడ్డు అటవీ భూమి అయిన చోట ఆ ఫారంలో రేవు రాయండి. ఏ చెట్టు దగ్గర, ఎన్ని ఇళ్ల పడవలు, ఎన్ని తరాల నుంచి, అన్నీ రాయండి. చేపల హక్కు ఇచ్చి పడవ కట్టే చోటు ఇవ్వకపోవడం అంటే బాయిలో కొలువిచ్చి బాయిలోకి దిగే దారి మూసినట్టే. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్న ఊరైతే 1996 పెసా చట్టం ఉంది, చిన్న నీటి వనరుల నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలని అందులో ఉంది. గోదావరి చిన్న నీటి వనరు కాదు అంటారు, అననివ్వండి. వాగులు, చెరువులు, మడుగులు ఉన్నాయి కదా, అక్కడ మొదలుపెట్టండి. షెడ్యూల్డ్ కాని ఊరైతే మామూలు గ్రామసభ తీర్మానం. 1917 నాటి పాత చట్టం తీసేసి 2021లో తెచ్చిన అంతర్దేశీయ జలనౌకల చట్టంలో ఇంజను లేని పడవలకు వేరే అధ్యాయమే పెట్టారు. వాటి నమోదు పనిలో స్థానిక సంస్థలకు చోటు ఉంది. అంటే మన పడవ పేరు మన పంచాయతీ పుస్తకంలో ఎక్కాలి. నంబరు వేస్తారా, వేయనివ్వండి. నంబరున్న పడవను ఏ చెట్టుకు కట్టినా అది దొంగ పడవ కాదు.

తొందర ఎందుకంటే, 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015లో చూశాం. పుష్కరాలంటే ఘాట్లు, మెట్లు, సిమెంటు. భక్తులు రావద్దని ఎవరూ అనరు, మనం కూడా మునుగుతాం. కానీ మెట్లు కట్టేటప్పుడు మనం ఊరుకుంటే, ఎక్కడ చదునుగా, నీళ్లు నిలకడగా ఉంటే అక్కడే కడతారు. అలాంటి చోటు ఏది? మన పడవలు కట్టుకునే చోటే. పుష్కరాలు పన్నెండు రోజులు. మెట్లు ఆ తర్వాత కూడా ఉంటాయి, వాటి పక్కన "ఇక్కడ పడవలు కట్టరాదు" అనే బోర్డు కూడా ఉంటుంది. ఘాట్ల పని మొదలు కాకముందే రేవుల జాబితా పంచాయతీ పుస్తకంలో ఉండాలి. మన కూటమిలో గోదావరి, ప్రాణహిత, పెన్‌గంగ, కడెం ఒడ్డు ఊళ్ల వాళ్లు పదిమందైనా ఉన్నారు. వచ్చే సమావేశానికి కవిత తేకపోయినా ఫర్వాలేదు, మీ ఊరి రేవుల పేర్లు రాసుకురండి. గోండిలో ఏమంటారో, కోయలో ఏమంటారో, నాయకపోడు ఇళ్లలో ఏమంటారో అది కూడా రాయండి. పేరు లేని చోటును గుంజుకోవడం అందరికంటే సులువు.

ఆ తమ్ముడికి ఇంకో సంగతి చెప్పి ఆపుతాను. పశువులు పోయిన నెల రోజులకు మామ ఎవరినీ అడగకుండా పోయి, వాచ్‌మన్‌తో తాళం తీయించి, పడవను గడతో ఎదురీదించుకుంటూ ఊరికి తెచ్చాడు. పొద్దున బయలుదేరితే చీకటి పడ్డాక చేరాడు. అడుగున ఒక పలక పగిలి ఉంది. తారు, గుడ్డపీలికలు పెట్టి దాన్ని పూడ్చాడు. ఆ సారు మళ్లీ వస్తే ఏం చెప్తావని అడిగితే, "చెట్టునే అడుగుమంట" అన్నాడు. మొన్న గ్రామసభకు నేను కాసిపేట నుంచి పోయాను, తీర్మానం రాసే పని నాకే పెట్టారు. సర్వే నంబరు, హద్దులు, ఇళ్ల సంఖ్య అన్నీ రాశాను. చదివి వినిపిస్తే మామ అంతా విని, ఏరుమద్ది పేరు లేదేంది అన్నాడు. చెట్టు పేరు తీర్మానంలో రాయరు మామా అన్నాను. ఆయన మాట్లాడలేదు. ముసలివాళ్లు నలుగురు కూడా మాట్లాడకుండా కూర్చున్నారు. కాగితం చింపి, మళ్లీ మొదటి నుంచి, చెట్టు పేరుతో రాశాను. అందరూ వేలిముద్రలు వేశారు.